ఏడో చరణం మూడో పాదం

మధ్యాహ్నం మూడున్నరకి ముప్ఫై తొమ్మిది అర్జీలు అయ్యాయి. ఇంకా నాలుగున్నాయి. చదివి చదివి ఆవిడ గొంతు బొంగురుపోయింది, విని విని ఆయనకి చెవులు దిబ్బళ్ళు వేశాయి. అయినా ఇద్దరిలో ఎవరూ ఇవాళ్టికి చాలు అనలేదు. అయిదింటికి పరీక్షల ఆఫీసు గుమాస్తా కట్ట పట్టుకుపోవడానికి వస్తాడు. కట్ట తయారుగా లేకపోతే లోపలికి రమ్మన్నా రాడు, గుమ్మంలోనే నిలబడి వీధి వీధంతా వినబడేలా నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పులు భరించడం కంటే చదవడమే నయం.

నిజానికి చదవడం మేష్టారి పని. పద్యాల ప్రశ్నలో మార్కులు తక్కువ వచ్చాయని పిల్లలు పెట్టుకున్న అర్జీలన్నీ ఏటా ఆయన దగ్గరికే వస్తాయి. ఉద్యోగంలోంచి దిగి పదేళ్ళయినా ఆఫీసువాళ్ళు ఆయన్ని వదల్లేదు, ఆయనా వాళ్ళని వదల్లేదు. ఈ ఏడు కట్ట వచ్చేసరికి ఆయన రెండో కంటికి ఆపరేషనయి పన్నెండు రోజులే అయింది, మొదటి కంటికి చూపు ముందే అంతంత మాత్రం. నెల్లాళ్ళదాకా అక్షరమ్ముక్క చదవకూడదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. ఆ మాట ఆఫీసుకి చెప్పెయ్యండి అని భార్య అంటే, "చెబితే వచ్చే ఏడు ఇంకొకడికి ఇస్తారు" అన్నారాయన. అందుకని ఆవిడ చదువుతుంది, ఆయన వింటారు. ఆయన చెప్పింది ఆవిడ రాస్తుంది. కింద ఆయన తడుముకుంటూ సంతకం పెడతారు. ఇది నిబంధనలకి విరుద్ధమని ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతి మళ్ళీ మళ్ళీ అనుకోవడం ఎందుకని అనుకోవడం మానేశారు.

ఆయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. వింటున్నారో, కునుకు తీస్తున్నారో చూసి చెప్పడం కష్టం. ఆవిడ మాత్రం చాప మీద గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో పాత అట్ట పెట్టుకుని రాస్తోంది. అట్ట మీద వంగి పనిచెయ్యడం ఆవిడకి కొత్తేం కాదు. ముప్ఫై ఏళ్ళు పాఠ్యపుస్తకాల ప్రెస్సులో అదే పని చేసింది. పేజీలు అతికించే పని కాబట్టి అక్కడ అందరూ ఆవిడని అతుకులక్క అనేవాళ్ళు. తనకంటే పదేళ్ళు పెద్దవాడైన ఫోర్మన్ కూడా అక్కా అనే పిలిచేవాడు. నడుము నొప్పి ఒక్కటే ఆ ఉద్యోగం నుంచి ఇంటికి తెచ్చుకున్నానని ఆవిడ అందరితోనూ అంటుంది. అది నిజం కాదు. ఇంకొకటి కూడా తెచ్చుకుంది, దాని సంగతి ఎవరికీ చెప్పలేదు.

"నలభయ్యోది" అంది ఆవిడ, కాగితం తిప్పుతూ. "ఆడపిల్ల. వందకి ఇరవై తొమ్మిది. ఆరు మార్కులకి తప్పింది."

"ఏ ప్రశ్న?"

"ఇంకేం ప్రశ్న? మీదే."

మేష్టారి పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చి వెళ్ళిపోయింది. 'మీది' అంటే పిలుపుల గేయం. ఎవరో పాతకాలపు కవి రాసిన ఎనిమిది చరణాల గేయం. పొద్దు గూకేవేళ ఒక తల్లి ఇంట్లోవాళ్ళని ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తుంది, అంతే కథ. ప్రతి చరణంలోనూ నాలుగు పాదాలు. ఏడో చరణంలో మాత్రం రెండు పాదాల తరవాత ఒక పాదం మేర ఖాళీ, దాని కింద ఒక్క పాదం. ఇరవై రెండేళ్ళుగా పాఠ్యపుస్తకంలో అది అలాగే ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఏటా పరీక్షలో ఆ ప్రశ్న వస్తూనే ఉంది. "ఏడవ చరణంలో కవి మూడవ పాదాన్ని ఎందుకు విడిచిపెట్టాడు? రూపానికి, భావానికి, ప్రతీకలకు గల సంబంధాన్ని వివరించండి. పది మార్కులు." ఆ ప్రశ్న తయారుచేసిందీ మేష్టారే, దానికి నమూనా జవాబు రాసిందీ మేష్టారే. ఇవాళ పొద్దుటినుంచీ చదివిన ముప్ఫై తొమ్మిది మంది పిల్లలూ ఆయన మాటల్నే ముక్కలు ముక్కలు చేసి ఆయనకి అప్పజెప్పారు. ఆ అలసట ఎవరితో చెప్పుకుంటారు?

ఆవిడకి ఆ జవాబు కంఠతా వచ్చు. తల్లి చిన్నవాణ్ణి పిలిచింది. జవాబు రాలేదు. బిడ్డ లేడు కనక పాదమూ లేదు. బిడ్డ లేని చోటు ఎంతుంటుందో చూపించడానికే కవి ఒక పాదమంత చోటు వదిలాడు. తరవాత తల్లి సర్దిన దుప్పటి ఖాళీ పక్క మీది దుప్పటి. దించిన దీపం ఆశకి ప్రతీక, గడియ పెట్టిన తలుపు మృత్యువుకి ప్రతీక. పుస్తకం వచ్చిన ఏడు మేష్టారు ఈ మాటలు తరగతిలో చెబుతూ చెబుతూ, ఎనభై మంది పిల్లల ముందు సుద్దముక్క బల్లమీద పెట్టేసి ఏడ్చారు.

"అర్జీ చదవనా, జవాబు చదవనా?"

"అర్జీలో ఏముంటుంది, కష్టాలేగా."

"నర్సు చదువులో సీటు వచ్చిందిట. ఈ నెలాఖరులోగా పాసైన కాగితం చూపించకపోతే పోతుందిట. ఇంకేం రాయలేదు. నాలుగే ముక్కలు."

"జవాబు చదువు."

ఆవిడ జవాబు పత్రం వెలుగులోకి పెట్టి చూసింది. దస్తూరి కోడి గెలికినట్టుంది. పక్కన ఎర్ర సిరాతో దిద్దినాయన 'అసందర్భం' అని రాసి సున్నా చుట్టాడు. ఆవిడ మొదలుపెట్టింది.

"'కవి పాదాన్ని విడిచిపెట్టలేదని నా అభిప్రాయం. అది అచ్చు వేసేటప్పుడు పోయింది.'"

మేష్టారు కుర్చీలో కదిలారు. ఆవిడ కూజాలో నీళ్ళు గ్లాసులోకి వంచుకుని, తాగి, మళ్ళీ చదివింది.

"'మొదటి ఆరు చరణాల్లోనూ ఒకటో పాదంలో పొద్దు ఎంతయిందో చెబుతాడు. రెండో పాదంలో తల్లి ఒకరిని పిలుస్తుంది. మూడో పాదంలో వాళ్ళు వస్తారు. నాలుగో పాదంలో వచ్చినవాళ్ళకి తల్లి ఏదో ఒకటి చేస్తుంది. పెద్దాయనకి నీళ్ళు ఇచ్చింది. కూతురికి తల దువ్వింది. రానివాళ్ళకి చేసినట్టు ఎక్కడా లేదు. ఏడో చరణం నాలుగో పాదంలో దుప్పటి సర్దింది. దుప్పటి సర్దాలంటే చిన్నవాడు వచ్చి ఉండాలి. కాబట్టి వచ్చాడు. వచ్చాడని చెప్పే పాదమే పోయింది.'"

"తెలివి!" అన్నారు మేష్టారు.

"ఇంకా ఉంది. 'ఎనిమిదో చరణంలో తల్లి చప్పుడు చెయ్యకండర్రా అంటుంది. ఎవరూ నిద్రపోకపోతే చప్పుడు చెయ్యొద్దని ఎందుకు అంటుంది? దీపం ఒత్తి దించింది. నిద్రపోయేవాళ్ళ కళ్ళల్లో వెలుగు పడకుండా దించుతారు. తలుపు గడియ పెట్టింది. ఇంకొక బిడ్డ రావాల్సి ఉంటే ఏ తల్లీ గడియ పెట్టదు. మా ఇంట్లో నేను ఆఖరిదాన్ని. మా అమ్మ అందర్నీ అన్నానికి పిలిచేసరికి నేను ఎప్పుడో వచ్చి ఏ మూలో నిద్రపోయి ఉంటాను. అప్పుడు మా అమ్మ మిగతా అందర్నీ మెల్లగా నడవమని కసురుతుంది. ఈ గేయంలో చిన్నవాడు చనిపోలేదు. నిద్రపోయాడు.' అంతే. అయిపోయింది."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"ఇన్నాళ్ళూ ఇంతమందికి కనపడని తప్పు దీనికి కనపడిందీ!" అన్నారు మేష్టారు. గొంతులో కోపం లేదు, విసుగు కూడా ఓపిక లేని విసుగు. "పద్యమంటే ఇంట్లో వంటా వార్పూ అనుకుంది. రాయి."

ఆవిడ కలం అందుకుంది.

"'అభ్యర్థిని పద్యరూపాన్ని గ్రహించలేదు. మార్కులలో మార్పు అవసరం లేదు.'"

'అభ్యర్థిని పద్యరూపాన్ని' దాకా రాసింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. సిరా అయిపోయిందేమోనని మేష్టారు అనుకుంటారని, కలం రెండుసార్లు విదిలించింది కూడా. ఇన్నాళ్ళూ ఏదో విధంగా నెట్టుకొచ్చింది. ఇలాంటిదొకటి ఎప్పుడో ఒకప్పుడు కాగితం మీదెక్కి తన ఒళ్ళోకే వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఎందుకంటే ఆ పిల్ల రాసింది అక్షరాలా నిజం. ఆ పాదాన్ని పోగొట్టింది ఆవిడే.

అప్పట్లో పుస్తకాల పేజీలు తెరమీద తయారయ్యేవి కావు. అక్షరాలు నిగనిగలాడే బ్రోమైడ్ కాగితం మీద పొడుగాటి పట్టీలుగా వచ్చేవి. వాటిని బ్లేడుతో కోసి, వెనక రబ్బరు జిగురు రాసి, గీతలు గీసిన అట్టమీద అతికిస్తే పేజీ అయ్యేది. ఎక్కడైనా తప్పు దొర్లితే ఆ ఒక్క పాదాన్నే మళ్ళీ తీయించి, పాతదాన్ని బ్లేడు మొనతో లేపేసి, ఆ చోట కొత్త ముక్క అతికించాలి. ముక్క అంటే వేలెడు పొడుగు, గోరంత వెడల్పు. ఆ వేళ ఏడో చరణం మూడో పాదంలో ఒక అక్షరం తప్పు పడింది. జిగురు డబ్బా అడుగంటింది. కొత్తది కావాలంటే ఫోర్మన్ రేపన్నాడు. పేజీలేమో సాయంత్రానికల్లా, ఫొటో తీసి అచ్చు ప్లేట్లు చేసే కెమెరా గదికి వెళ్ళాలి. ఆవిడ డబ్బా గోడలు గీకి, ఆ జిగురే రాసి అతికించింది. చాలదని తెలుసు. తెలిసీ అతికించింది. ఇంట్లో పిల్లవాడు పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. చేతులు వాటి దారిన అవి పనిచేస్తుండేవి, ఆవిడ ఇంకెక్కడో ఉండేది.

ఇంటికొచ్చి మొహం కడుక్కుంటుంటే మోచేతి కింద ఏదో గరగరలాడింది. చూస్తే ఆ ముక్క. మర్నాడు పరుగున వెళ్ళేసరికి మిషను తిరుగుతోంది, అప్పటికే వేల కాగితాలు దొంతరలు పడ్డాయి. ఆ మోతలో ఫోర్మన్ "ఏంటక్కా?" అని చెవి దగ్గర అరిచాడు. "ఏం లేదు" అంది. అది ఆవిడ ఆడిన మొదటి అబద్ధం. పుస్తకం కూర్చిన పెద్దాయన అచ్చు ప్రతి చూడకముందే మంచాన పడ్డారు. ఆ గేయం ఉన్న పాత సంపుటం ఎక్కడెక్కడ వెతికినా ఒకటే ప్రతి, అది ఆ వానాకాలం గ్రంథాలయం పైకప్పు కారి బీరువాతో సహా ముద్దయిపోయింది. తరవాత వచ్చిన పుస్తకాలన్నీ ఈ పాఠ్యపుస్తకం చూసి ఎత్తి రాసుకున్నవే. కొన్నాళ్ళు గడిస్తే చెబుదాం అనుకుంది.

ఈలోగా మేష్టారు తరగతిలో ఏడ్చారు.

పెళ్ళయిన పన్నెండేళ్ళకి పుట్టిన ఒక్కగానొక్కడు వాడు. ఇంట్లో చిన్నాడు అనేవాళ్ళు, పెద్దాడు అంటూ ఎవరూ లేకపోయినా. అయిదేళ్ళవాడికి జ్వరం వచ్చినప్పుడు మేష్టారు వేరే ఊళ్ళో పేపర్లు దిద్దుతున్నారు. మామూలు జ్వరమే, దిద్దడం ముగించుకుని రండి అని ఆవిడే కబురు పంపింది. ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి ఆయన నోట చిన్నాడు అన్న మాట రాలేదు. వాడి చొక్కాలు ఆవిడ ఎవరికిచ్చిందో అడగలేదు. వాడు పడుకునే లోపలి గదిలోకి అడుగు పెట్టలేదు. ఇంటికొచ్చినవాళ్ళు పరామర్శ ఎత్తుకుంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. అలాంటి మనిషి ఆ రోజు బడి నుంచి వచ్చి, పుస్తకం ఆవిడ ముందు తెరిచి పెట్టి, ఖాళీ మీద వేలు ఉంచి, "చూశావా, పిలిచింది. రాలేదు. ఆ కవికి తెలుసు" అన్నారు. ఆ రాత్రి మాత్రం పదహారు నెలల తరవాత కడుపునిండా అన్నం తిన్నారు.

ఇంకేం చెబుతుంది? మింగి ఊరుకుంది. ముక్కని బొత్తాల డబ్బాలో అడుగున దాచింది.

"రాశావా?" అన్నారు మేష్టారు.

"టీ పెట్టుకొస్తాను."

"ఇప్పుడేగా తాగాం."

"మళ్ళీ తాగుదాం."

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముట్టించకుండా నిలబడింది. పైఅరలో పప్పుల డబ్బాల వెనక బొత్తాల డబ్బా ఉంది. దాన్ని దించకుండా కాసేపు చూసింది. ముక్క ఆయన చేతికి ఇవ్వకపోతే ఆ పిల్ల సీటు పోతుంది. ఉన్నది ఉన్నట్టు రాసిన పిల్ల, ఆవిడ చెయ్యి 'గ్రహించలేదు' అని రాస్తే ఇంట్లో కూర్చుంటుంది. ఇస్తేనో, ఆ మనిషికి కొడుకుని పెట్టుకోవడానికి లోకం మొత్తంలో దొరికిన చోటు ఆ ఒక్క పాదమంత ఖాళీ. దాన్ని పూడ్చెయ్యడమే. ఎటు చూసినా తనే దోషి. ఏ జన్మలో ఏ జిగురు దొంగిలించానో అనుకుంది ఆవిడ. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ చాలించి, ముక్కాలిపీట ఎక్కి డబ్బా దించింది.

"టీ ఏదీ?" అన్నారు మేష్టారు, అడుగుల చప్పుడు విని.

"పెట్టలేదు. చెయ్యి చాపండి."

"చుక్కల మందా?"

"కాదు."

ఆయన అరచేయి చాపారు. ఆవిడ వంగి ఆ ముక్కని అందులో పెట్టింది. పసుపురంగుకి తిరిగి, అంచులు ముడుచుకుపోయిన ముక్క. ఆయన బొటనవేలితో తడిమారు.

"ఏవిటిది? రసీదా?"

"ఏడో చరణం మూడో పాదం."

ఆయన నవ్వబోయారు. ఆవిడ నవ్వనివ్వలేదు. చాపమీద కూలబడి, ఎక్కడా ఆగకుండా, జిగురు డబ్బా దగ్గర్నుంచి బొత్తాల డబ్బా దాకా మొత్తం చెప్పేసింది. చెబుతూ ఆయన మొహం చూద్దామనుకుంది గానీ నల్ల కళ్ళద్దాల్లో తన మొహమే చిన్నగా కనబడింది. చెప్పడం అయ్యాక, ఇన్నేళ్ళ బరువు దిగితే తేలిగ్గా ఉంటుందనుకున్నది కాస్తా, నడుము ఇంకొంచెం ఎక్కువ నొప్పెట్టింది, అంతే.

"చదువు" అన్నారాయన.

ముక్క ఆయన చేతిలోనే ఉంది. ఆవిడకి దాంతో పనిలేదు. ఏడో చరణం మొదటినుంచీ అంది.

"చుక్క పొడిచిన వేళ చల్లబడింది
చిన్నవాణ్ణి పేరుపెట్టి పిలిచింది
అందరికన్నా ముందొచ్చి వాడికి నిద్ర పట్టేసింది
దుప్పటి అంచు లాగి మెల్లగా సర్దింది."

"మళ్ళీ."

ఆవిడ మళ్ళీ చదివింది.

"మూడోది ఒక్కటే."

"అందరికన్నా ముందొచ్చి వాడికి నిద్ర పట్టేసింది."

మేష్టారు పిడికిలి మూశారు. ముక్క నలిగిపోతుందేమోనని ఆవిడ ప్రాణం విలవిల్లాడింది. ఇంకా ఈ ముక్క మీద మమకారం పోలేదేమిటి నాకు అని తనమీద తనకే చిరాకు వేసింది.

"ఇరవై రెండేళ్ళు" అన్నారాయన. "ఒక్క ఇంట్లో ఉంటూ. నా పక్కన కూచుని ఈ కట్టలన్నీ సర్దుతూ. ఊళ్ళో పిల్లలందరికీ నాచేత అబద్ధం చెప్పించావు."

"నేను చెప్పించానా? ఖాళీ చూసి మీరే చెప్పారు."

"ఖాళీ చేసిందెవరు?"

"నేనే. కాదన్నానా? చెబుదామనే అనుకున్నాను. మీరు వాడి గురించి ఆ ఖాళీలోనే కదండీ మాట్లాడేది! ఇంట్లో మాట్లాడారా? నాతో మాట్లాడారా? ఏటా ఆ పాఠం వచ్చే వారం రోజులే మీరు మనుషుల్లో ఉండేవారు. అది కూడా పూడ్చేస్తే ఇంకెక్కడ మాట్లాడతారు అనుకున్నాను. మీకోసమే దాచాను."

"మరి నువ్వు?"

"నేనేంటి?"

"నువ్వెక్కడ మాట్లాడుకున్నావు?"

"నాకు అది ఉందిగా" అంది, ఆయన పిడికిలి వైపు చూస్తూ. "మనసు బాగాలేనప్పుడు తీసి చదువుకునేదాన్ని."

మేష్టారి గొంతు ఇప్పుడు పాఠం చెప్పే గొంతు కాదు.

"అంటే వాడు ముందే వచ్చేశాడని నువ్వొక్కదానివే చదువుకున్నావు. హాయిగా నిద్రపోతున్నాడని చదువుకున్నావు. నాకు మాత్రం పిలిచినా రాలేదన్నదే మిగిల్చావు."

ఇన్నేళ్ళలో, డబ్బా దించిన ఏ మధ్యాహ్నమూ ఆవిడ ఆ కోణంలోంచి చూడలేదు. ఆయన ఓదార్పుని కాపాడుతున్నానని అనుకుంది. ఆయనకి ఎండుముక్క పెట్టి, మెత్తటిది తను దాచుకు తిన్నట్టయింది. తనది త్యాగం అని కూడా అప్పుడప్పుడూ అనుకుంది! సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తప్పయిపోయిందండీ" అంది. ఆ మాట కూడా ఎంత చిన్నదో అన్నాక తెలిసింది.

ఆయన క్షమించానని అనలేదు, క్షమించలేదని కూడా అనలేదు. కళ్ళద్దాల కిందినుంచి నీరు చెంపమీదికి జారింది. ఆపరేషనయిన కన్ను, ఏడవకూడదని ఆవిడ అనబోయి మానేసింది. గోడమీద గడియారం నాలుగున్నర కొట్టింది.

"ఆ పిల్ల జవాబు మళ్ళీ చదువు. వచ్చినవాళ్ళకే తల్లి చేస్తుంది అన్న చోటు."

చదివింది. ఆయన తల పంకించారు.

"నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. చరణం ఎలా కట్టారో ముందు చూడండ్రా, ప్రతీకలు తరవాత వెతకండ్రా అని నేనే అరిచేవాణ్ణి. ఒకటో పాదం పొద్దు, రెండోది పిలుపు, మూడోది రాక. ముందు ఆరు చరణాల్లోనూ అదే వరస. నాకెందుకు కనపడలేదు? నాకు కావలసింది ఖాళీ. ఖాళీయే చూశాను. దీపమంటే దీపమే, తలుపంటే తలుపే. పడుకున్న పిల్లాడి కోసం దించిన దీపం." ఆయన నిటారుగా కూర్చున్నారు. "ఇందాక రాసింది కొట్టెయ్యి."

కొట్టేసింది.

"రాయి. 'అభ్యర్థిని పద్యరూపాన్ని సరిగ్గా గ్రహించింది. గ్రహించనిది ప్రశ్నపత్రం తయారుచేసినవాడు, అనగా నేను. పదికి తొమ్మిది మార్కులు ఇవ్వవలసింది.'"

"తొమ్మిదేనా?"

"దస్తూరి బాలేదన్నావుగా." ఆయన గొంతు ఒక్క క్షణం మామూలయింది, మళ్ళీ అలిసిపోయింది. "ఇరవై తొమ్మిదీ తొమ్మిదీ ముప్ఫై ఎనిమిది. చాలు, గట్టెక్కుతుంది. ఇంకా రాయి. 'పోయిన పాదం దొరికింది. రుజువు జతపరచడమైనది.'"

"రుజువంటే..."

"ఇదే." పిడికిలి విప్పారు. ముక్క నలగలేదు.

"నకలు రాసిద్దామండీ. అది వెళ్ళిపోతే మళ్ళీ రాదు."

"నకలు చూపిస్తే మొగుడూ పెళ్ళాం కూడబలుక్కున్నారంటారు. అసలు ఉంటేనే ఆ పిల్లకి మార్కులు నిలుస్తాయి. ఎలా పోయిందో కూడా రాయి. పోగొట్టిందెవరో నీ పేరుతోనే రాయి, నీ సంతకమే పెట్టు."

"మరి కన్ను సంగతి? నేను చదివి పెట్టానని తెలిసిపోతుంది. వచ్చే ఏడు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఇవ్వనీ."

"మిగతా మూడు అర్జీలో?"

"ఆ మూడూ నా జవాబే రాసుంటారు. ప్రశ్నే తప్పని చెప్పాక వాటినేం చెయ్యాలో ఆఫీసే తేల్చుకుంటుంది. నాకు ఓపిక లేదు."

ఆవిడ రాసింది. ముప్ఫై ఏళ్ళు ఎన్ని వేల పేజీలు అతికించినా ఏ పేజీలోనూ ఆవిడ పేరు లేదు. మొదటిసారి తన పేరు తనే రాసుకుంటున్నది, చేసిన తప్పు కింద. సొరుగులోంచి జిగురు సీసా తీసి, మూత గట్టిగా బిగుసుకుపోతే పళ్ళతో లాగింది. సీసా నిండుగానే ఉంది.

"ఇలా ఇవ్వండి."

ఆయన వెంటనే ఇవ్వలేదు. ముక్కని ఇంకోసారి వేలితో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమారు. అక్షరాలు చేతికి తెలియవని ఇద్దరికీ తెలుసు.

"ఈసారైనా ఊడకుండా అతికించు" అన్నారు, ఇస్తూ.

ఆవిడ ముక్క వెనక జిగురు అంచులదాకా రాసింది. కాగితం మీద వరసకి సరిగ్గా పెట్టి, బొటనవేలితో అదిమి పట్టుకుంది. ఆరేదాకా వేలు తియ్యకూడదు.

వీధి తలుపు దగ్గర గుమాస్తా చెప్పుల చప్పుడు టపటపా వినిపించింది. "అయిందాండీ మేష్టారూ!" అని గుమ్మంలోంచే కేకేసి, అలవాటు ప్రకారం ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు.

మేష్టారు లోపలి గది వైపు తల తిప్పారు. ఇన్నేళ్ళుగా అడుగు పెట్టని గది. తరవాత గుమ్మం వైపు తిరిగి చెయ్యెత్తారు.

"చప్పుడు చెయ్యకయ్యా" అన్నారు మెల్లగా.

గుమాస్తా గొంతు తగ్గించేశాడు. "క్షమించండి. లోపల ఎవరైనా పడుకున్నారాండీ?"

ఆవిడ ముక్క మీంచి వేలు తియ్యకుండా ఆయన వైపు చూసింది.

"ఆఁ" అన్నారు మేష్టారు. "మావాడు."

గుమాస్తా చెప్పులు గుమ్మం బయట విప్పి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ లోపలికి వచ్చి, కట్ట కోసం చాప పక్కన నిలబడ్డాడు. ఇంకా ఆరలేదని ఆవిడ సైగ చేసింది.